వాకింగ్ సఫారీకి ఎక్కడికెళ్లాలి? కోరంగి నుంచి జాంబియా దాకా, గోదావరి జిల్లాల వాళ్లకో లెక్క

"డబ్బులిచ్చి మరీ నడవడమేంటండీ?" వాకింగ్ సఫారీ అనగానే మా కాకినాడ వైపు ముందొచ్చే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేం లేదు. పుష్యమాసంలో చొల్లంగి అమావాస్య నాడు మునక వేసి, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్లల్లా స్నానం చేసుకుంటూ అంతర్వేది దాకా వెళ్లే సప్తసాగర యాత్ర ఉన్న సీమ ఇది. నడకకి టికెట్ పెట్టడం మనకి వింతగానే ఉంటుంది. అయితే ఇక్కడ డబ్బు నడకకి కాదు. అడవి జంతువు తిరిగే నేల మీద జీపు లేకుండా దిగినప్పుడు, ఎటు నడవాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో తెలిసిన మనిషి పక్కనుండాలి. ఆ మనిషికి ఇచ్చే డబ్బు అది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తే మంచిది. పులిని చూడాలి, ఫొటో తియ్యాలి అన్నదే కోరికైతే ఈ నడకలు మీకు పనికిరావు, జీపెక్కండి. రోజూ తిరిగే జీపుకి జంతువులు అలవాటు పడిపోతాయి, పట్టించుకోవు. అదే కాళ్ల మీద నిలబడ్డ మనిషి కనిపిస్తే పారిపోతాయి, లేకపోతే మీదకొస్తాయి. అందుకే నడకలో గైడు మిమ్మల్ని దగ్గరికి తీసుకెళ్లడు. మీరు చూసేది ఎక్కువగా అడుగులు, పెంట, గోళ్లతో గీరిన చెట్లు, తినేసి వదిలిన ఎముకలు. 2022లో ప్రత్తిపాడు చుట్టుపక్కల పులి తిరిగిన రోజులు గుర్తున్నాయి కదా. వారాల తరబడి ఊళ్లకి ఊళ్లు టెన్షన్ పడ్డాయి, పశువులు పోయాయి, కానీ దాన్ని కళ్లారా చూసినవాళ్లెందరు? అటవీ శాఖ వాళ్లు పాదముద్రలు పట్టుకుని, కెమెరాలు పెట్టి వెతికారు. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు దగ్గర, ఆ తర్వాత కడియం నర్సరీల్లో తిరిగిన చిరుత సంగతీ అంతే. నడిచి అడవిని చూడడమంటే దాదాపు ఆ వెతుకులాటే, భయం కాస్త తక్కువగా.

కాబట్టి ఎక్కడికెళ్లాలో తేల్చుకోవడానికి నేను జంతువుల జాబితా చూడను. మీ గుంపులో అందరూ మూడు గంటలు నోరు మూసుకుని నడవగలరా అని చూస్తాను. ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

కోరంగి: పాటు మీద నడక, పోటు మీద బోటు

మన గుమ్మంలో ఉన్నది కాబట్టి దీన్ని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. కాకినాడ నుంచి యానాం రోడ్డులో అరగంట ప్రయాణం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకి పైనే. అటవీ శాఖ వేసిన చెక్క వంతెన మీద నడవాలి, కిందకి దిగకూడదు. దిగాలన్నా దిగలేరు, మోకాలి లోతు బురద చెప్పుల్ని మింగేస్తుంది. ఏనుగులూ సింహాలూ లేవు, తుపాకీ పట్టుకున్న గార్డు అక్కర్లేదు. దీన్ని సఫారీ అనొచ్చా అని అడిగితే, అసలు వాకింగ్ సఫారీలో నేర్పే విద్య అంతా ఇక్కడ నేర్చుకోవచ్చు అంటాను. ఒకే ఒక్క షరతు, వేళ చూసుకుని వెళ్లాలి.

చాలామంది ఆదివారం భోంచేసి మధ్యాహ్నం మూడింటికి వెళ్తారు. పోటు మీదుంటే వంతెన కింద నీళ్లు తప్ప ఏమీ కనిపించదు. సెల్ఫీలు తీసుకుని "ఏముందండీ అక్కడ, చెట్లే కదా" అంటూ తిరిగొస్తారు. పాటు తీసినప్పుడు వెళ్లండి. నీళ్లు వెనక్కి పోయాక బురద నేల బయటపడుతుంది, అసలు అడవి అదే. మడ చెట్ల ఊపిరి వేర్లు నేలలోంచి మేకులు దిగేసినట్టు నిటారుగా లేచి ఉంటాయి. వాటి మధ్య వేలి గోరంత పీతలు. మగదానికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగి ఉంటుంది. దాన్ని పైకీ కిందకీ ఊపుతూ ఆడదాన్ని పిలుస్తుంటుంది. మీరు వంతెన మీద కాలు కదిపితే చాలు, కనిపించినంత మేరా పీతలన్నీ ఒక్కసారి బొరియల్లోకి మాయం. కదలకుండా నిలబడండి. రెండు మూడు నిమిషాలకి ఒక్కొక్కటే కళ్లు బయట పెడుతుంది, తర్వాత డెక్క, తర్వాత మొత్తం ఒళ్లు. కళ్లు నెత్తి మీదున్న చిన్న చేపలు రెక్కల మీద ఆనుకుని బురదలో గెంతుతూ కొట్టుకుంటుంటాయి. ఆఫ్రికాలో గైడు మీ చేత చేయించే మొదటి పని కూడా ఇదే: ఆగడం, కదలకపోవడం, జంతువు తన పనిలో పడేదాకా చూడడం.

ఇక్కడి పెద్ద జంతువు నీటి పిల్లి. చేపలు పట్టుకు తినే అడవి పిల్లి అది, రాత్రి వేట. పగలు కనిపిస్తే మీ అదృష్టం. కానీ పొద్దున్నే పాటు పడితే కాలువ అంచున దాని అడుగులు దొరకొచ్చు. నీటి కుక్కలు మాత్రం పొద్దుటి పూట గుంపులుగా కాలువ దాటుతూ కనిపిస్తాయి. అవి గట్టు మీద విడిచిన పెంటలో చేప పొలుసులు, పీత పెంకుల ముక్కలు మెరుస్తుంటాయి. నక్కలూ ఉన్నాయి. వీటిలో ఏదీ కనిపిస్తుందని ఎవరూ మాటివ్వలేరు, ఇచ్చినవాడిని నమ్మకండి.

వేళ కట్టుకోవడం మన పెద్దవాళ్లకి వచ్చిన లెక్కే. పాటు రోజుకి రెండుసార్లు వస్తుంది, రోజురోజుకీ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పొద్దున ఆరున్నరకైతే రేపు ఏడూ ఇరవై ప్రాంతంలో. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా లోపలికి తీస్తాయి, బురద ఎక్కువ బయటపడుతుంది. అష్టమి చుట్టుపక్కల పోటూ పాటూ రెండూ మందంగా ఉంటాయి. క్యాలెండరులో తిథి చూసుకుని, చేపల వేటకెళ్లే వాళ్లెవరినైనా అడిగితే గంట తేడా లేకుండా చెప్తారు. అమావాస్యల్లో చొల్లంగి అమావాస్యని మాత్రం వదిలెయ్యండి, ఆ రోజు ఆ దారంతా జనమే.

బోటు సంగతి దీనికి తలకిందులు. కాలువల్లోకి బోటు లోపలి దాకా పోవాలంటే నీళ్లుండాలి. "పాటు మీద వచ్చి బోటెక్కిస్తారా అంటే ఎలా బాబూ, బురదలో తొయ్యాలి" అంటారు బోటు వాళ్లు. అంటే నడకా బోటూ రెండూ బాగా కుదరాలంటే పాటుకి ముందే చేరి, నడిచి, నీళ్లు ఎక్కేదాకా కాచుక్కూర్చోవాలి. పిల్లలతో వెళ్తే అంత ఓపిక ఉండదు. ఒకటే ఎంచుకోమంటే నేను నడకకే ఓటేస్తాను. పక్షులు కావాలంటే మాత్రం బోటే మేలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, వలస పక్షులూ అప్పుడే దిగుతాయి. నవంబరులో వెళ్లేవాళ్లు వాతావరణ కబురు చూసుకోవాలి. ఓడలు కట్టిన కోరంగి రేవు పట్నం 1839 నవంబరు ఉప్పెనలోనే తుడిచిపెట్టుకుపోయింది. ఈ తీరంలో ఆ నెలని ఎవరూ పూర్తిగా నమ్మరు. ఇంకో జాగ్రత్త: వంతెన పక్కన కొమ్మలు విరవడం, ఆకులు తుంచడం పిల్లలకి అలవాటు. తిల్ల చెట్టు తెల్లటి పాలు కారుతుంది, కంట్లో పడితే భగ్గుమంటుంది. చేతులు దగ్గర పెట్టుకోమనండి.

కొల్లేరు గట్లు

కైకలూరు దగ్గర ఆటపాక పక్షి కేంద్రం నడకకి సులువు, ముసలివాళ్లకి కూడా. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టే రోజుల్లో వెళ్తే దుర్భిణి లేకపోయినా పని జరుగుతుంది. అయితే ఇది పక్షుల్ని చూసి రావడమే. జాడ పట్టుకుని నడిచే పని ఇక్కడ పెద్దగా లేదు. కోరంగి, కొల్లేరు రెండింట్లో ఒకటే అయితే, పక్షుల పిచ్చి ఉన్నవాళ్లకి కొల్లేరు, మిగతా అందరికీ కోరంగి.

మారేడుమిల్లి: అడవి అసలుది, సఫారీ సగం

డెల్టా దాటి గోకవరం, రంపచోడవరం మీదుగా కొండెక్కితే అడవి మారిపోతుంది. రాజమండ్రి నుంచి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. ఆ పక్కనే పాపికొండల జాతీయ ఉద్యానవనం, 2008లో ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాట. పులి, చిరుత, అడవిదున్న ఉన్న అడవి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల వాళ్లు నడిపే బసలున్నాయి, స్థానిక గిరిజన యువకులు దారి చూపిస్తారు.

ఇక్కడ మీ గైడు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. జలపాతం చూపించి, బొంగులో చికెన్ తినిపించి పంపేస్తే అది పిక్నిక్. "మాకు జలపాతాలొద్దు, పొద్దున్నే ఆరింటికి బయల్దేరదాం, మీరు అడవిలోకి తేనెకీ వెదురుకీ వెళ్లే దారిలో అనుమతి ఉన్నంత మేర తీసుకెళ్లండి" అని ముందు రోజే చెప్పుకుంటే వేరే నడక దొరుకుతుంది. కొండరెడ్ల పిల్లాడు ఆగి పైకి చూశాడంటే మీరూ చూడాలి. చిటారు కొమ్మన బెట్టుడుత ఉండొచ్చు, పెద్ద ముక్కు అడవి పక్షి రెక్కలు విసురుతున్న చప్పుడు వినపడొచ్చు. అడవిదున్న పెంట తాజాదా పాతదా అని అతను కర్రతో కదిపి చెప్పే తీరు చూస్తే, ఆఫ్రికా గైడుకి ఇతనేం తీసిపోడనిపిస్తుంది. తేడా ఎక్కడంటే, ఇక్కడ తుపాకీ ఉండదు, పక్కాగా శిక్షణ ఇచ్చిన పద్ధతి ఉండదు. అందుకే లోతట్టు అడవిలోకి అనుమతి లేకుండా తీసుకెళ్తానన్నవాడితో వెళ్లొద్దు, ఎంత ధైర్యస్తుడైనా సరే.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నిండు చేతుల చొక్కా, రాత్రి దోమతెర తప్పనిసరి. ఊరు దాటితే ఫోన్ సిగ్నల్ దొరకదు కాబట్టి ఎటు వెళ్తున్నారో బసలో చెప్పి వెళ్లండి.

పెరియార్, సాత్పురా: మన దేశంలోనే అసలు సిసలు నడక

మన టైగర్ రిజర్వుల్లో ఎక్కువ చోట్ల జీపు దిగనివ్వరు. దిగి నడవనిచ్చే కొద్ది చోట్లలో రెండు చెప్పుకోదగ్గవి. కేరళ తేక్కడిలోని పెరియార్, మధ్యప్రదేశ్‌లోని సాత్పురా.

పెరియార్ ప్రత్యేకత అక్కడ దారి చూపించే మనుషులు. ఒకప్పుడు అడవిలో దొంగతనంగా చెట్ల బెరడు తీసుకుపోయినవాళ్లు, వేటాడినవాళ్లే ఇప్పుడు అటవీ శాఖతో కలిసి టైగర్ ట్రయల్ నడుపుతున్నారు. అడవిలో ఎవరికీ కనపడకుండా తిరిగిన అనుభవం వాళ్లది. జంతువు కంటే ముందు దాన్ని పసిగట్టడం వాళ్లకి బతుకుదెరువుగా వచ్చిన విద్య. వెంట ఆయుధమున్న గార్డు ఉంటాడు, రాత్రి అడవిలోనే గుడారంలో పడుకోవచ్చు. అంత వద్దనుకునేవాళ్లకి పూటలో ముగిసే నడకలూ ఉన్నాయి. పులి కనిపించడం అరుదు. ఏనుగులు, అడవిదున్నలు, సాంబార్ జింకలు కనిపిస్తాయి. వానాకాలంలో జలగలు పీక్కుతింటాయి, మేజోళ్ల మీద వేసుకునే జలగల తొడుగులు అక్కడే ఇస్తారు. జలగ అంటేనే ఒళ్లు జలదరించేవాళ్లు డిసెంబరు తర్వాత వెళ్లండి.

మనకి ప్రయాణం కూడా సులువే. రాజమండ్రి మీదుగా వెళ్లే ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎర్నాకుళంలో దిగితే అక్కణ్నుంచి కుమిళికి బస్సు. సాత్పురాకి పిపరియా స్టేషన్ దగ్గర, కానీ మన వైపు నుంచి రైళ్లు మారాలి. ఎండిన ఆకుల అడవి, తెరిపిగా ఉన్న నేల, దూరం దాకా చూపు ఆనుతుంది. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ ప్రాంతం మూసేస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను పెరియారే చెప్తాను. ఖర్చు వేలల్లో తేలుతుంది, పద్ధతి ఉంటుంది, అన్నం దొరుకుతుంది. చివరిది చిన్న విషయం కాదు, మా వైపు వాళ్లకి మూడో రోజు రొట్టెలతో మొహం మొత్తుతుంది.

జాంబియా, క్రూగర్: లక్షల నడక

వాకింగ్ సఫారీకి పుట్టిల్లు జాంబియాలోని సౌత్ లువాంగ్వా. 1950, 60ల్లో నార్మన్ కార్ అనే ఆయన వేట తుపాకులు పక్కన పెట్టి, జనాన్ని నడిపించి జంతువుల్ని చూపించడం అక్కడే మొదలుపెట్టాడు. ఇప్పటికీ గైడ్ల శిక్షణలో ఆ లోయకి పెద్ద పేరు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో మొదటి నడక దారి 1978లో తెరిచారు. అక్కడ గుంపుకి ఎనిమిది మందికి మించనివ్వరు, పన్నెండేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు.

అక్కడ పొద్దు ఎలా గడుస్తుందో చెప్తాను. వెలుగు రాకముందే లేపి టీ ఇస్తారు. బయల్దేరే ముందు గైడు నిలబెట్టి నియమాలు చెప్తాడు: ఒకరి వెనక ఒకరు, మాట లేదు, చెయ్యెత్తితే ఆగాలి, ఏం జరిగినా పరిగెత్తకూడదు. ఈ చివరిదాన్ని మళ్లీ మళ్లీ చెప్తాడు. పరిగెత్తేది వేటాడదగ్గదని సింహానికి తెలుసు. లువాంగ్వాలో ముందు తుపాకీతో స్కౌటు, వెనక గైడు, ఆ వెనక మీరు. గైడు చేతిలో చిన్న సంచీ, లోపల బూడిద. దులిపి గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. మన వాసన ముందుకి పోతుంటే దారి మార్చేస్తాడు. తూర్పుగాలి, పడమటి గాలి తేడా ఒంటి మీద తెలిసే మన చేపల వాళ్లకి ఈ ముక్క వెంటనే ఎక్కుతుంది.

తెల్లగా సున్నంలా ఉన్న పెంట చూపించి హైనాది అంటాడు, ఎముకలు నమిలి తింటుంది కాబట్టి ఆ రంగు. అడుగులో గోళ్ల గుర్తు పడితే హైనా, పడకపోతే సింహం. జంతువుల ఒంటి మీద పురుగులు ఏరుకుతినే పిట్టలు పొద చాటున కీచుమంటే అక్కడ అడవిదున్న పడుకుని ఉండొచ్చని చుట్టూ తిప్పి తీసుకెళ్తాడు. అతను భయపడేది సింహానికంటే గుంపు వదిలేసిన ముసలి దున్నకీ, నీటికీ తనకీ మధ్య మనిషి అడ్డొస్తే తట్టుకోలేని నీటిగుర్రానికీ. మూడు నాలుగు గంటలు నడిచినా దూరం తక్కువే, సగం సేపు నిలబడే ఉంటారు. రోజూ కాలువ గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లకి కాళ్లు నొప్పి పుట్టవు. ఎండే కష్టం. జూన్ నుంచి అక్టోబరు దాకా నడక కాలం. అక్టోబరులో నలభై డిగ్రీలకి చేరుతుంది. మన ఎండకి ఉన్నట్టు చెమట కనపడదు, పొడి వేడి, తెలియకుండానే ఒంట్లో నీళ్లు పోతాయి.

బట్టల్లో రెండు తప్పులు మనవాళ్లు తేలిగ్గా చేస్తారు. మెయిన్ రోడ్డు షాపుల్లో మిలిటరీ ప్రింటు ప్యాంట్లు చవగ్గా దొరుకుతాయి, అడవి కదా అని కొనేస్తారు. జాంబియా, జింబాబ్వేల్లో మామూలు జనం అవి తొడగడం చట్టవిరుద్ధం, పోలీసులు ఆపుతారు. రెండోది ముదురు నీలం, నలుపు. ట్సెట్సే ఈగలకి ఆ రంగులంటే ఇష్టం, కుడితే సూదితో పొడిచినట్టుంటుంది. మట్టి రంగు, ఎండుగడ్డి రంగు బట్టలు తీసుకెళ్లండి. మల్లెపూలూ సెంట్లూ ఇంటి దగ్గరే వదిలెయ్యండి.

టికెట్ విషయంలో ఒకటి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా తిరిగొచ్చే విమానాలు చౌక. ఆ దేశాలు ఎల్లో ఫీవర్ అనే జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లి తిరిగొస్తే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మలేరియా మాత్రల సంగతి డాక్టర్ని అడిగి నెల ముందే తేల్చుకోవాలి.

మరి ఎవరికి ఏది?

ఇంట్లో మోకాళ్ల నొప్పుల నాన్నమ్మ, ఆరేళ్ల మనవడు ఉంటే కోరంగి. ఆలోచించక్కర్లేదు. కాలేజీ కుర్రాళ్ల గుంపు మారేడుమిల్లికి వెళ్తామంటారు. బ్లూటూత్ స్పీకరు ఇంట్లో వదిలి వస్తేనే వెళ్లండి, లేదా ఘాట్ రోడ్డు చూసి వచ్చెయ్యండి, అడవిని వదిలెయ్యండి. పెళ్లై కొత్తగా వచ్చిన జంటకి, రిటైరై ఒంట్లో ఓపిక ఉన్న మేష్టారికి పెరియార్. అమెరికాలో ఉన్న పిల్లలు డబ్బు పంపి "ఆఫ్రికా వెళ్లి రండి" అంటే మాత్రం ముందు ఒక చలికాలం కోరంగిలో పాటు మీద నిలబడి చూడమంటాను. పీత బయటికొచ్చే ఆ రెండు మూడు నిమిషాలు విసుగు పుట్టిస్తే లక్షలు పోసి లువాంగ్వా వెళ్లొద్దు. అదే డబ్బుతో కెన్యాలో జీపు సఫారీకి వెళ్తే వందల జంతువులు కనిపిస్తాయి, మీరూ సంతోషంగా తిరిగొస్తారు. గంట నిలబడ్డారా, అప్పుడు జాంబియాకి అప్పు చేసి వెళ్లినా నేను వద్దనను.

ఎక్కడ బుక్ చేసినా ఫోన్లోనే అడగాల్సినవి కొన్ని. గుంపులో ఎంతమంది? మాతో నడిచే గైడు అక్కడివాడేనా, ఎన్నేళ్లుగా చేస్తున్నాడు? ఎవరికైనా మధ్యలో కళ్లు తిరిగితే మోసుకొచ్చే ఏర్పాటుందా, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? శాకాహారం దొరుకుతుందా? కోరంగిలో అయితే ఆ రోజు పాటు ఎన్నింటికి, బోట్లు నడుస్తాయా? వానొచ్చి నడక ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, వేరే రోజుకి మారుస్తారా? దీనికి "చూద్దాం సార్" అన్నారంటే, ఇవ్వరనే అర్థం చేసుకుని అడ్వాన్సు తక్కువ కట్టండి.